రికార్డు రూమ్ డ్యూటీ: బాక్సుల దగ్గర జరిగే తప్పులు, తీసుకోవాల్సిన జాగ్రత్తలు

రికార్డు సెక్షన్ ఇచ్చారంటే మనలో చాలామంది తమను పక్కన పెట్టారనే అనుకుంటారు. కానీ కోర్టులో కౌంటర్ వేయాల్సిన ముందు రోజు, ఆడిట్ పార్టీ వచ్చి కూర్చున్న రోజు, ఆర్టీఐ దరఖాస్తు గడువు ముంచుకొచ్చిన రోజు అధికారి మొదట పిలిచేది ఆ సెక్షన్ వాళ్లనే. కాగితం దొరికితే మీ పేరు నిలబడుతుంది. దొరక్కపోతే మెమో మీకే వస్తుంది. దాన్ని ఎక్కడో పడేసిన మనిషి ఎప్పుడో రిటైరై ఉంటారు.

పాత కాగితాలను బాక్సుల్లో సర్ది కాపాడే పని చేతికొచ్చిన జూనియర్ అసిస్టెంట్లు, రికార్డు అసిస్టెంట్లు, కాలేజీ లైబ్రేరియన్లు, పత్రికాఫీసుల్లో పాత సంచికలు చూసేవాళ్లు, కంపెనీల్లో అడ్మిన్ సిబ్బంది, అందరికీ ఈ సలహాలు పనికొస్తాయి. ఏ నిర్ణయం తీసుకోవాల్సి వచ్చినా ఒక్క పరీక్ష పెట్టుకోండి. మీరు సెలవులో ఉన్నా, కొత్తగా వచ్చిన మనిషి పది నిమిషాల్లో ఆ కాగితం ఎక్కడుందో కనిపెట్టి, చిరగకుండా బయటికి తీయగలగాలి. తీయలేకపోతే ఆ బాక్సు సర్దినట్టు లెక్కలోకి రాదు.

మొదటి వారం: ముందు రాసుకోండి

ఛార్జి తీసుకోగానే కట్టలు విప్పి సర్దడం మొదలుపెట్టొద్దు. ఏ ర్యాక్‌లో ఏముందో, ఏ స్థితిలో ఉందో, కట్ట మీద ఏం రాసుందో ముందు అలాగే రాసుకోండి. పాత సిబ్బంది ఆ వరుసలో పెట్టడానికి ఒక కారణం ఉండి ఉంటుంది. ఫసలీ (రెవెన్యూ సంవత్సరం) వారీగానో, గ్రామం వారీగానో, ఫైలు నంబరు వారీగానో ఉన్న క్రమాన్ని ఒకసారి చెడగొడితే తిరిగి కట్టడం దాదాపు అసాధ్యం.

తర్వాత దేన్ని ఎంతకాలం ఉంచాలో తేల్చుకోండి. జిల్లా ఆఫీసుల్లో ఫైలు మూసినప్పుడు వేసే డిస్పోజల్ గుర్తులే దీనికి ఆధారం. ఆర్.డిస్ శాశ్వతంగా ఉండాలి, డి.డిస్‌కు పదేళ్లు, ఎల్.డిస్‌కు ఏడాది. కేంద్ర ప్రభుత్వ కార్యాలయాలకు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకు 1993 నాటి పబ్లిక్ రికార్డ్స్ చట్టం వర్తిస్తుంది. ఆ చట్టం ప్రకారం నిర్ణీత పద్ధతి పాటించకుండా రికార్డు నాశనం చేస్తే ఐదేళ్ల వరకు జైలు, పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 1892కు ముందు తయారైన రికార్డును మామూలుగా నాశనం చేయడానికే వీల్లేదు. ప్రైవేటు కంపెనీల్లో పనిచేసేవాళ్లు ఖాతా పుస్తకాలను కనీసం ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలని 2013 కంపెనీల చట్టం చెబుతోందని గుర్తుంచుకోండి.

ఇక్కడ జరిగే పెద్ద తప్పు ఇన్‌స్పెక్షన్‌కు ముందు చేసే హడావుడి శుభ్రత. పై అధికారి వస్తున్నారని పేరులేని కట్టలన్నీ మూటగట్టి పాత కాగితాల వాడికి వేసేస్తారు. ఆర్నెల్ల తర్వాత ఒక భూమి కేసులో వాటిలోని కాగితమే కావాల్సి వస్తుంది. పేరులేని కట్ట కనిపిస్తే దానికి తాత్కాలిక నంబరు ఇచ్చి విడిగా పెట్టండి. పారేయమని ఎవరైనా నోటిమాటగా చెబితే ఫైల్లో ఆర్డరు అడగండి. వినయంగానే అడగండి, కానీ అడగకుండా ఒక్క కాగితం కూడా బయటికి పంపొద్దు.

ఏ బాక్సు తీసుకోవాలి

కిరాణా కొట్లో సరుకులొచ్చిన అట్టపెట్టెల్లో రికార్డు పెట్టడం మన దగ్గర మామూలే. అందులో మూడు ప్రమాదాలున్నాయి. ఆ అట్టలో ఉండే ఆమ్లం మెల్లగా కాగితంలోకి దిగి దాన్ని పసుపుపచ్చగా, పెళుసుగా మారుస్తుంది. అట్ట పొరలను అతికించే పిండి జిగురు బొద్దింకలను, సిల్వర్‌ఫిష్‌ను పిలుస్తుంది. వర్షాకాలంలో తేమ పట్టి అట్ట మెత్తబడితే, పైనున్న బాక్సుల బరువుకు కిందిది కుంగిపోతుంది.

శాశ్వత రికార్డుకు యాసిడ్ ఫ్రీ, లిగ్నిన్ ఫ్రీ బోర్డుతో చేసిన బాక్సు కావాలి. కొనేటప్పుడు సప్లయర్ నోటిమాట నమ్మొద్దు. ఇలాంటి బాక్సులకు ఐఎస్ఓ 16245 అనే ప్రమాణం ఉంది. కొటేషన్‌లో ఆ నంబరు రాయించండి, టెస్ట్ రిపోర్టు అడగండి. సరుకు వచ్చాక పీహెచ్ పెన్‌తో బాక్సు లోపలి వైపు గీత గీసి చూడండి. గీత ఊదా రంగులో ఉంటే ఆమ్లం లేనట్టు, పసుపులో ఉంటే ఆమ్లం ఉన్నట్టు. లిగ్నిన్ సంగతి ఈ పెన్ చెప్పదు, దానికి రిపోర్టే దిక్కు. గీత చెరగదు కాబట్టి రికార్డు కాగితం మీద మాత్రం ఆ పెన్ పెట్టకండి.

కొలతలో జరిగే తప్పు ఇంకా ఎక్కువ. మన పాత ప్రభుత్వ ఫైళ్లు చాలావరకు ఫుల్‌స్కేప్ సైజు, ఏ4 కంటే పొడుగు. ఎవరో ఏ4 సైజు బాక్సులు ఆర్డర్ పెట్టేస్తారు, ఫైళ్లు పట్టవు, చివర మడిచి కుక్కుతారు. కొన్నాళ్లకు ఆ మడత దగ్గరే కాగితం విరుగుతుంది. మీ దగ్గరున్న అతి పెద్ద ఫైలును కొలిచి, అటూ ఇటూ ఒక సెంటీమీటరు వదిలి ఆర్డర్ ఇవ్వండి. ముందు ఒక్క నమూనా తెప్పించి, ఫైలు పెట్టి చూసి, ఆ తర్వాతే మిగతావి తీసుకోండి.

బడ్జెట్ లేదనే మాట ప్రతి ఆఫీసులోనూ వింటాం. అప్పుడు అన్నిటికీ ఒకేసారి అడగకుండా శాశ్వత రికార్డుకు మాత్రమే అడగండి. మిగతావాటికి పాత బస్తా పద్ధతే నయం. పైనా కిందా కట్టకు సరిపడా పలక పెట్టి, గంజి పోయేలా ఉతికి ఆరబెట్టిన నూలు గుడ్డ చుట్టి, వెడల్పాటి నూలు టేపుతో కట్టాలి. బస్తాల్లో కాగితం అంచులు తెగడానికి కారణం ఎక్కువగా గట్టిగా బిగించిన సన్నతాడు. గుడ్డ మంచిదే, తాడు మార్చండి.

ఎన్ని కావాలో లెక్క

అధికారి ముందు ఇండెంట్ పెట్టేటప్పుడు "చాలా కావాలి సార్" అంటే పని జరగదు. లెక్క ఇలా వేయండి. కట్టలన్నీ ఒకదానిపై ఒకటి పేర్చితే 30 మీటర్ల ఎత్తు వస్తుందనుకుందాం. 5 అంగుళాల వెడల్పు బాక్సులో ఊపిరాడేలా సర్దితే 11.5 సెంటీమీటర్ల మందం కాగితం పడుతుంది. అంటే సుమారు 260 బాక్సులు. ఫోల్డర్లకు, రాబోయే ఫైళ్లకు పది శాతం కలిపితే 286, మొత్తం 290 అడగండి. మూడడుగుల అరలో చెయ్యి దూరే సందు ఉంచి ఆరు బాక్సులు పెడితే, ఐదు అరల ర్యాక్‌కు 30. పది ర్యాక్‌లు చాలు.

బరువు కూడా చూడండి. 75 జీఎస్ఎం ఏ4 రీము సుమారు 2.3 కిలోలు, మందం దాదాపు 5 సెంటీమీటర్లు. ఆ లెక్కన నిండిన ఒక బాక్సు ఆరు కిలోలకు అటూ ఇటూ, ఒక ర్యాక్ 180 కిలోలు తూగుతాయి. ఫుల్‌స్కేప్ అయితే ఇంకొంచెం ఎక్కువ. పాత భవనంలో పై అంతస్తులో పది ర్యాక్‌లు పక్కపక్కన వేసే ముందు ఇంజినీరింగ్ సెక్షన్ నుంచి అభిప్రాయం రాయించుకోండి. ఈ అంకెలన్నీ ఒక పేజీ నోట్‌లో పెడితే, ఆ నోట్ మీద సంతకం అవడానికి అవకాశం ఎక్కువ.

నింపేటప్పుడు

ముందు రబ్బరు బ్యాండ్లు, గుండుసూదులు, జెమ్ క్లిప్పులు, తుప్పు పట్టిన స్టేపిళ్లు తీయాలి. తుప్పు కాగితాన్ని తినేస్తుంది, రబ్బరు కరిగి అంటుకుపోతుంది. కాగితం మెత్తగా బలంగా ఉంటేనే తీయండి. ముట్టుకుంటే రాలిపోయే స్థితిలో ఉంటే సూదిని లాగొద్దు, అలాగే ఫోల్డర్‌లో పెట్టి "పిన్ను ఉంది, మరమ్మతు అవసరం" అని చీటీ రాయండి. పాత సెల్లోటేపును గోటితో లేపొద్దు, అక్షరాలు దానితోపాటే ఊడి వస్తాయి. చిరిగిన చోట కొత్త టేపు కూడా వేయొద్దు.

జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించడం మంచి ఉద్దేశంతో చేసే చెడ్డ పని. వేడికి, జిగురుకు కాగితం ప్లాస్టిక్‌తో ఒకటైపోతుంది, తర్వాత ఏ నిపుణుడూ క్షేమంగా విడదీయలేడు. పెళుసు కాగితాన్ని జిగురు లేని పాలిస్టర్ కవర్లో పెడితే చాలు. పీవీసీ కవర్లు వద్దు, అవి కాలక్రమంలో ఆమ్లం విడుదల చేస్తాయి, జిగటగా మారి అక్షరాలను ఎత్తుకుంటాయి.

ఫైల్లో నోట్ ఫైలు, కరెంట్ ఫైలు ఎలా ఉన్నాయో అలాగే ఉంచండి. పేజీ నంబర్లు లేకపోతే మెత్తని పెన్సిల్‌తో మూలన వేయండి. పెన్ను, మార్కర్ వద్దు. ఏదైనా పటాన్నో ఫోటోనో విడిగా పెట్టాల్సి వస్తే, దాని స్థానంలో "ఫలానా బాక్సులో ఉంది" అని చీటీ పెట్టండి. ఆ చీటీ పెట్టకపోతే, విడిగా తీసిన కాగితం ఏ ఫైలుదో ఇక ఎవరూ చెప్పలేరు.

బాక్సు నిండుగా కుక్కితే ఫైలు తీసేటప్పుడు పక్క ఫైలు చిరుగుతుంది. సగం ఖాళీగా నిలబెడితే ఫైళ్లు వంగి విల్లులా మారతాయి. ముందు ఫైలును నొక్కితే రెండు వేళ్లు దూరే ఖాళీ ఉండటం సరైన కొలత. అంతకన్నా ఖాళీ ఉంటే యాసిడ్ ఫ్రీ అట్టను మడిచి వెనక పెట్టండి, లేదా బాక్సును పడుకోబెట్టండి. పడుకోబెట్టినవి రెండుకు మించి ఒకదానిపై ఒకటి పెట్టొద్దు. మూడోది పెడితే అడుగుది కావాల్సి వచ్చినప్పుడు ఎవరూ పైవి దించరు, లాగుతారు.

కలపకూడనివి

వయసు చూసి కాగితం బలాన్ని అంచనా వేయకండి. హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో షాజహాన్, ఔరంగజేబుల కాలపు ఫారసీ పత్రాలున్నాయి. ఆ కాలపు చేతితయారీ కాగితం సాధారణంగా శతాబ్దాలు తట్టుకుంటుంది. కలప గుజ్జుతో చేసిన నాసిరకం కాగితం మీద టైపు చేసిన 1960ల ఫైలేమో మీ చేతిలోనే పొడి అవుతుంది. అలాంటి కాగితాన్ని మంచి కాగితంతో కలిపి పెడితే దాని ఆమ్లం పక్కదానికీ అంటుతుంది. పత్రికల కటింగులు ఇందులో ముఖ్యమైనవి. వాటిని వేరే ఫోల్డర్‌లో పెట్టండి. సమాచారమే కావాలంటే మంచి కాగితం మీద జిరాక్స్ తీసి ఫైల్లో ఉంచండి.

1990ల ఫైళ్లలో ఫ్యాక్స్ కాగితాలు వెతకండి. నున్నటి థర్మల్ కాగితమైతే అక్షరాలు ఏళ్ల తరబడి మాసిపోతూనే ఉంటాయి. వెంటనే కాపీ తీసి, ధ్రువీకరణ సంతకం పెట్టించి, రెండూ కలిపి ఉంచండి. కాపీ తీయడంలో ఆలస్యమైతే మిగిలేది తెల్లకాగితమే.

ఇరిగేషన్, ఆర్ అండ్ బీ ఆఫీసుల్లో నీలిరంగు మీద తెల్లగీతల పాత డ్రాయింగులుంటాయి. అసలైన ఆ బ్లూప్రింట్లు క్షారం తగిలితే పాలిపోతాయి. యాసిడ్ ఫ్రీ బాక్సుల్లో చాలావాటికి కాల్షియం కార్బొనేట్ కలుపుతారు కాబట్టి బ్లూప్రింట్లకు అది కలపని, తటస్థంగా ఉండే ఫోల్డర్లు అడగండి. గ్రామ పటాలు, ఎఫ్ఎంబీల (పొలాల కొలతల పటాల) వంటి పెద్ద షీట్లను బాక్సులో పట్టించడానికి మడవకండి. మ్యాప్ డ్రాయర్‌లో పరచండి. అది లేకపోతే కనీసం పది సెంటీమీటర్ల లావున్న గొట్టం మీద, మధ్యలో శుభ్రమైన యాసిడ్ ఫ్రీ కాగితం వేసి, బయటి వైపు చుట్టండి.

ఫోటోలు ఒక్కొక్కటీ విడి కవర్లో ఉండాలి. నెగెటివ్‌ల డబ్బా తెరవగానే వెనిగర్ వాసన వస్తే అసిటేట్ ఫిల్ము పాడవుతోందని అర్థం. దాన్ని మిగతావాటి నుంచి వేరుచేయండి, ముందు దాన్నే స్కాన్‌కు పంపండి. 1950ల తొలినాళ్లకు ముందటి నెగెటివ్‌లలో నైట్రేట్ ఫిల్ము ఉండొచ్చు. అది తేలిగ్గా అంటుకుంటుంది, అంటుకుంటే ఆర్పడం కష్టం. అనుమానం వస్తే రికార్డు రూమ్‌లో ఉంచకుండా పై అధికారికి రాతపూర్వకంగా తెలపండి.

లేబుల్, రిజిస్టర్

బాక్సుల పనిలో సగం ఇదే. లేబుల్ మీద బాక్సు నంబరు, సెక్షన్ పేరు, మొదటి ఫైలు నంబరు, చివరి ఫైలు నంబరు, సంవత్సరాలు, ఎప్పటివరకు ఉంచాలో ఆ తేదీ ఉండాలి. "ఇతరములు", "పాతవి", "ముఖ్యమైనవి" లాంటి మాటలు లేబుల్ మీద రాయకండి, వెతికేవాళ్లకు అవి ఏమీ చెప్పవు. మూత మీద రాయొద్దు, మూతలు మారిపోతాయి. కనిపించే పక్కన అంటించండి. లోపల అదే వివరాలతో పెన్సిల్‌తో రాసిన చీటీ ఒకటి వేయండి. బయటి లేబుల్ ఊడినా లోపలిది ఉంటుంది.

బాక్సు నంబరును, ర్యాక్ నంబరును కలిపి ఒకే నంబరు చేయొద్దు. ర్యాక్ మారితే లేబుళ్లన్నీ మార్చాల్సి వస్తుంది. బాక్సుకు ఒకసారి ఇచ్చిన నంబరు మారకూడదు. అది ఏ ర్యాక్‌లో, ఏ అరలో ఉందో రిజిస్టర్లో ఉంటుంది, స్థలం మారిన రోజే అక్కడ దిద్దాలి. ఎక్సెల్‌లో పెట్టుకోండి, నెలకోసారి ప్రింటు తీసి సంతకంతో ఫైల్ చేయండి.

బయటికి వెళ్లే ప్రతి ఫైలుకూ మూడు ఆధారాలు ఉండాలి. అడిగినవారి సంతకంతో రిక్విజిషన్ స్లిప్, మూవ్‌మెంట్ రిజిస్టర్లో ఎంట్రీ, ఫైలు తీసిన ఖాళీలో గట్టి కార్డు. అధికారి ఛాంబర్ నుంచి అటెండర్ వచ్చి "సారు అర్జెంటుగా అడిగారు" అన్నప్పుడు మనం సాధారణంగా స్లిప్ వదిలేస్తాం. ఎక్కువ ఫైళ్లు పోయేది అలాంటి అర్జెంట్లలోనే. ఫైలు వెంటనే ఇవ్వండి, స్లిప్ మీద అటెండర్ సంతకమైనా తీసుకోండి, సాయంత్రం అధికారి సంతకం చేయించండి.

ఈ క్రమశిక్షణకు చట్టపరమైన కారణం కూడా ఉంది. 2005 సమాచార హక్కు చట్టం సెక్షన్ 4, రికార్డును జాబితాతో, సూచికతో ఉంచాలని చెబుతోంది. దరఖాస్తుకు సాధారణ గడువు 30 రోజులు. సరైన కారణం లేకుండా జాప్యం చేస్తే సమాచార అధికారి (పీఐఓ)కి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా పడవచ్చు. "ఫైలు దొరకలేదు" అనేది ఆ చట్టంలో చెప్పిన మినహాయింపుల్లో లేదు. పీఐఓ మీద ఒత్తిడి వస్తే అది ముందుగా చేరేది మీ టేబుల్ మీదికే.

ఎత్తడం, తీయడం, చూపించడం

పై అర నుంచి బాక్సును చేతులు చాచి లాగొద్దు, స్టెప్ స్టూల్ వాడండి. అడుగున ఒక చెయ్యి, వెనక ఒక చెయ్యి పెట్టి దించండి. లేబుల్ హోల్డర్‌నో మూతనో పట్టుకుని లాగితే బాక్సు చిరిగి కాగితాలు నేల మీద పరుచుకుంటాయి, ఆ క్రమం మళ్లీ కట్టడానికి రోజులు పడుతుంది. బరువైనవి నడుము ఎత్తు అరల్లో పెట్టండి. నడుం నొప్పితో సెలవు పెట్టాల్సి వస్తే ఆఫీసు పనీ ఆగుతుంది, మీ జీతమూ తగ్గొచ్చు.

బల్ల మీద ఒకసారి ఒకే బాక్సు, బాక్సులోంచి ఒకసారి ఒకే ఫైలు. చేతులు కడుక్కుని పూర్తిగా ఆరాక ముట్టుకోండి. మామూలు కాగితానికి గుడ్డ గ్లోవ్స్ అక్కర్లేదు, వాటితో వేళ్లకు స్పర్శ తెలియక అంచులు చిరుగుతాయి. ఫోటోలకు, నెగెటివ్‌లకు నైట్రైల్ గ్లోవ్స్ వాడండి. వేలు నాలుకకు తడుపుకుని పేజీ తిప్పడం ఇక మానేయాలి, చూడటానికి వచ్చిన వాళ్లకూ అదే చెప్పాలి. టీ గ్లాసు, ఇంకు పెన్ను ఆ బల్ల మీదికి రాకూడదు. పరిశోధకుడైనా, పెద్ద అధికారి బంధువైనా నియమం ఒకటే. గోడ మీద పెద్ద అక్షరాలతో బోర్డు రాయిస్తే మీరు ప్రతిసారీ నోరు నొప్పించుకోనక్కర్లేదు.

గది సంగతి

ఉష్ణోగ్రత 22 నుంచి 25 డిగ్రీలు, తేమ 45 నుంచి 55 శాతం ఉంటే కాగితానికి మంచిది. కాకినాడ, మచిలీపట్నం, విశాఖ లాంటి తీర ప్రాంతాల్లో ఏడాదిలో ఎక్కువ భాగం తేమ దీనికి ఎంతో పైనే ఉంటుంది. 65 శాతం దాటి అలాగే కొనసాగితే బూజు మొదలవుతుంది. చిన్న డిజిటల్ హైగ్రోమీటర్ కొని, ఉదయం సాయంత్రం రీడింగ్ రాయండి. మూడు నెలల రీడింగులుంటే ఎగ్జాస్ట్ ఫ్యానుకో డీహ్యుమిడిఫయర్‌కో మీరు పెట్టే నోట్‌కు బలం వస్తుంది. ఏసీ పగలు వేసి రాత్రి ఆపేస్తే రోజూ ఎక్కి దిగే తేమ కాగితాన్ని ఇంకా దెబ్బతీస్తుంది. రోజంతా నడపలేని ఏసీ కంటే సరిగ్గా గాలి ఆడే గది నయం.

ర్యాక్‌లు స్టీలువి కావాలి. కింది అర నేల నుంచి ఆరంగుళాల ఎత్తులో, ర్యాక్ గోడ నుంచి ఆరంగుళాల దూరంలో ఉండాలి. ఆ సందులోంచే చెదల మట్టి గీతలు కనిపిస్తాయి. వారానికోసారి టార్చి వేసి చూడండి. పైన బాత్‌రూమ్ పైపులున్న గది, ఏసీ నీరు కారే మూల రికార్డుకు పనికిరావు.

కలరా ఉండలు పురుగును కొంత దూరం పెడతాయి తప్ప పూర్తిగా చంపవు, మూసిన గదిలో వాటి వాసన మీ ఆరోగ్యానికి మంచిది కాదు. కాగితం మీద హిట్ లాంటివి కొట్టొద్దు. పెస్ట్ కంట్రోల్ వాళ్లతో గోడలకు, నేలకు మందు వేయించండి, కాగితానికి వద్దు. బయటి నుంచి వచ్చిన బాక్సును నేరుగా లోపలికి తేకండి. వేరే గదిలో రెండు మూడు వారాలు ఉంచి, పొడి రాలుతోందా, పురుగు కదులుతోందా అని చూశాకే ర్యాక్ ఎక్కించండి.

నిప్పు విషయంలో రాజీ వద్దు. 2024 జులైలో మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో మంటలు రేగి ఫైళ్లు కాలిపోయిన సంగతి అందరికీ గుర్తుండే ఉంటుంది. కారణం ఏదైనా కాలిన కాగితం తిరిగి రాదు. ఆఫీసు మూసేటప్పుడు రికార్డు రూమ్ మెయిన్ స్విచ్ ఆపే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా ఉండాలి. లోపల చార్జర్లు, దోమల చక్రాలు వద్దు. దసరా ఆయుధపూజ చేస్తే కర్పూరం, దీపం గుమ్మం బయటే ఉంచండి.

నీళ్లు పడితే

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో ప్రాంతాలు నీట మునిగాయి. అలాంటి వరదే రానక్కర్లేదు, పైపు పగిలినా చాలు. తడిసిన కాగితానికి 48 గంటలే గడువు. ఆ తర్వాత బూజు పడుతుంది.

కరెంటు ఆపారని ఖాయం చేసుకున్నాకే లోపలికి వెళ్లండి. తడిసిన బాక్సును పైకి లేపితే అడుగు ఊడిపోతుంది, కాబట్టి కింద పలకో ట్రేనో తోసి మోయండి. లేబుళ్లు చెరగకముందే ఫోటోలు తీయండి. విడి కాగితాలను శుభ్రమైన గదిలో పరిచి ఫ్యాను గాలికి ఆరనివ్వండి. ఎండలో పెడితే వంకర్లు పోతాయి, ఇంకు వెలిసిపోతుంది. ఇస్త్రీపెట్టె అసలు వద్దు. ముద్దగా అంటుకున్న పేజీలను బలవంతంగా విడదీయకండి. అన్నీ ఒకేసారి ఆరబెట్టలేకపోతే పాలిథిన్ కవర్లలో చుట్టి కోల్డ్ స్టోరేజీలో గడ్డకట్టించండి. కుళ్లు ఆగుతుంది, మీకు సమయం దొరుకుతుంది. మీ ఊళ్లో సున్నా కంటే బాగా తక్కువ ఉష్ణోగ్రత ఇచ్చే కోల్డ్ స్టోరేజీ ఎక్కడుందో, ఎవరికి ఫోన్ చేయాలో ఇప్పుడే కనుక్కుని గోడకు అంటించండి. బూజు పట్టినవి ముట్టుకునేటప్పుడు ఎన్95 మాస్కు, గ్లోవ్స్ తప్పనిసరి.

తరలింపు, స్కానింగ్, ఛార్జి

తెలంగాణలో 2016 అక్టోబరు 11న జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 నుంచి 26 అయ్యాయి. ఇలాంటి మార్పుల్లో కట్టలు లారీలెక్కి కొత్త ఆఫీసులకు వెళతాయి. రేపు మళ్లీ భవనమో, సరిహద్దో మారొచ్చు. తరలించేటప్పుడు ప్రతి బాక్సుకు వరుస నంబరు వేసి, "290లో 17" అన్నట్టు మొత్తం సంఖ్య కూడా రాయండి. లోడింగ్ దగ్గర ఒకరు, దించే దగ్గర ఒకరు అదే జాబితాతో టిక్ పెట్టాలి. పాత ఆఫీసు పేరును కొట్టేయొద్దు, దాని కిందే కొత్త పేరు రాయండి. ముప్పై ఏళ్ల తర్వాత వెతికేవాళ్లకు ఆ పాత పేరే దారి చూపిస్తుంది.

స్కానింగ్ ఏజెన్సీకి ఇచ్చేటప్పుడు బాక్సుల లెక్కతో పాటు ఫైలువారీ పేజీల లెక్క కూడా ఇచ్చి సంతకం తీసుకోండి. పెళుసు కాగితాన్ని ఆటో ఫీడర్లో పెట్టకూడదని, అనుమతి లేకుండా బైండింగ్ కోయకూడదని ఒప్పందంలో రాయించండి. ఏజెన్సీ వాళ్ల మీద రోజుకు ఇన్ని పేజీలనే ఒత్తిడి ఉంటుంది. మీరు చూడకపోతే వాళ్లు వేగాన్నే చూసుకుంటారు. "స్కాన్ అయింది కదా, అసలు ఎందుకు" అని ఎవరైనా అంటే రిటెన్షన్ గడువు చూపించండి. గడువు తీరకుండా, ఆర్డరు లేకుండా అసలు కాగితం కదలకూడదు.

బదిలీ వస్తే నమ్మకం మీద తాళాలు ఇచ్చి వెళ్లొద్దు. బాక్సుల జాబితా, బయట ఉన్న ఫైళ్ల జాబితా, దొరకని ఫైళ్ల జాబితా, మూడూ కలిపి ఇద్దరూ సంతకాలు చేయండి. దొరకనివి ఉన్నాయని ముందే ఒప్పుకుని రాయడం వల్ల వచ్చే ఇబ్బంది చిన్నది. రాయకుండా వెళితే ఐదేళ్ల తర్వాత వేరే జిల్లాలో ఉన్నా ఆ మెమో మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది.

ఇవన్నీ ఒక్క నెలలో చేయలేరు. చేయాలనుకోకండి కూడా. మొదటి నెల జాబితా, రెండో నెల శాశ్వత రికార్డుకు లేబుళ్లు, మూడో నెల బాక్సులకు నోట్. ఆ తర్వాత రోజుకు నాలుగు బాక్సుల చొప్పున సర్దినా దాదాపు 73 పనిదినాల్లో 290 పూర్తవుతాయి. ఈ పనికి సన్మానాలు ఉండవు, ప్రమోషన్ ఫైల్లో ప్రత్యేక మార్కులూ ఉండవు. కానీ ఆ కాగితాల్లో ఒకరి పింఛను ఉంటుంది, ఒకరి సర్వే నంబరు ఉంటుంది, ఒక ఊరి చెరువు హద్దు ఉంటుంది. అవి భద్రంగా ఉన్నంతకాలం ఆ మనుషులకు న్యాయం అడిగే ఆధారం ఉంటుంది. రేపు ఆఫీసుకు వెళ్లగానే కొత్త రిజిస్టర్ ఒకటి తెరిచి మొదటి ర్యాక్ నుంచి రాయడం మొదలుపెట్టండి.